ఎవరి గొంతుకు ఏడుస్తున్నాం?

2023 ఆగస్టు 6న గద్దర్ చనిపోయాక వచ్చిన సంస్మరణ వ్యాసాలను వరసపెట్టి చదివితే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చాలా వ్యాసాల అసలు పేరు ‘గద్దర్‌తో నేను’. ఏ సభలో భుజమ్మీద చెయ్యేశాడు, ఏ అర్ధరాత్రి పాట కట్టి వినిపించాడు, తనను ఏమని పిలిచాడు... రాసినవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే. అభిమానులు ఏడవకూడదని నేననను. ఆ పాట విని ఒళ్ళు గగుర్పొడవని వాళ్ళెవరు మనలో? కానీ ఈ ఏడుపు, వేలమంది పాడిన పాటను ఒక్క మగ గొంతుగా కుదించేస్తోంది. నా పేచీ దానితోనే.

జననాట్యమండలి పాటకు ప్రాణం వంత. ఆ వంతలో ఆడవాళ్ళున్నారు. ఆ వరసల్లో నాట్లేసే ఆడవాళ్ళున్నారు, బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్ళున్నారు. జనం దగ్గర తీసుకుని జనానికే ఇస్తున్నానని గద్దరే వేదికల మీద చెప్పాడు. అభిమానులు మాత్రం ఆ మాట వదిలేసి గొంగడి, కర్ర, గజ్జెలు పట్టుకున్నారు. 1997 ఏప్రిల్ 6న కాల్పులు జరిగాక ఆయన వెన్నులో మిగిలిపోయిన తూటాను పట్టుకున్నారు. ఆ తూటాతోపాటే ఆయన్ని ప్రభుత్వ లాంఛనాలతో అల్వాల్‌లో మట్టిలో పెట్టారు. ‘ఒరేయ్ రిక్షా’ పాటకు నంది అవార్డు వద్దన్న మనిషి పేరును 2025లో సినిమా అవార్డులకే తగిలించారు. వీరుణ్ణి ఒక్కణ్ణే నిలబెడితే రాజ్యానికీ ఎంత సుఖమో చూడండి. ఒక్కణ్ణి తనవాణ్ణి చేసుకోవడం తేలిక. వంత పాడినవాళ్ళందరినీ ఏం చేసుకుంటుంది?

ఇప్పుడు బెల్లి లలిత దగ్గరికి రండి. భువనగిరి ప్రాంతంలో తెలంగాణ కోసం ఊరూరా పాడిన మనిషి, తెలంగాణ కళాసమితి లలిత. 1999 మే 26న చంపి, శరీరాన్ని పదిహేడు ముక్కలు చేశారు. గద్దర్ శరీరం బొమ్మయింది, పోస్టరయింది, విగ్రహమయింది. లలిత శరీరాన్ని ఆనవాలు మిగలకుండా చెయ్యాలనుకున్నారు. పాడే ఆడదాని ఒంటిమీద ఉన్న కసి ఎలాంటిదో ఇంతకన్నా వివరంగా చెప్పక్కర్లేదు. ఇద్దరూ తెలంగాణ పాటే పాడారు కదా, మరి మే 26 ఎంతమంది డైరీల్లో ఉంది? అమరవీరుల జాబితా చదివేటప్పుడు లలిత పేరు వస్తుంది నిజమే. అది పేరు మాత్రమే. పాట రాదు.

ఇది మన దగ్గరే పుట్టిన జబ్బు కాదు. 1980 డిసెంబర్ 8న న్యూయార్క్‌లో జాన్ లెనన్‌ను చంపాక ప్రపంచమంతా ఏడ్చింది. బీటిల్స్‌ను విడగొట్టిన మాయలాడి అని అభిమానులు యోకో ఓనోను మాత్రం ఏళ్ళ తరబడి తిట్టిపోశారు. ఏటా ఆ రోజున వాళ్ళు గుమిగూడి పాడుకునే ‘ఇమాజిన్’ 1971 నాటిది. అందులో ఆమెకు భాగముందని లెనన్ బతికుండగానే ఒప్పుకున్నాడు. ఆమెను సహరచయిత్రిగా గుర్తిస్తున్నట్టు అమెరికా సంగీత ప్రచురణకర్తల సంఘం ప్రకటించింది మాత్రం 2017లో. ఆమె మాటలకు ఏడుస్తూనే ఆమెను తిట్టారన్నమాట!

గద్దర్ పోయిన వారం మొహర్రం నెలలోనే పడింది. నేనుండే దబీర్‌పురాలో అప్పటికింకా ఆడవాళ్ళ మజ్లిస్‌లు నడుస్తున్నాయి. గద్దర్ అంత్యక్రియల జనసందోహంలో సియాసత్ మేనేజింగ్ ఎడిటర్ జహీరుద్దీన్ అలీ ఖాన్ చనిపోవడంతో మా గల్లీల్లో రెండు చావుల గురించీ కలిపే మాట్లాడుకున్నారు. ఇక్కడి బీబీ కా అలావా ఒక స్త్రీ పేరున ఉంది, ఫాతిమా పేరున. అందులోని అలంను మొదట నిలబెట్టించింది కూడా కుతుబ్‌షాహీ రాణి హయాత్ బక్షీ బేగం అని చెబుతారు. మజ్లిస్‌లో జాకిరా చెప్పేది హుస్సేన్ శౌర్యం ఒక్కటే కాదు. దాహంతో అల్లాడిన సకీనా, కొడుకులను పోగొట్టుకున్న తల్లులు, బందీగా యజీద్ దర్బారులో నిలబడి మాట్లాడిన జైనబ్, వీళ్ళంతా ఆ కథలో పేరుపేరునా వస్తారు. కర్బలా సంగతి లోకానికి అందింది జైనబ్ నోటి వెంటే అని ఆ ఆడవాళ్ళకు బాగా తెలుసు. ‘హుస్సేన్‌తో నేను’ అని అక్కడెవరూ మొదలుపెట్టరు.

దాన్ని నేను స్వర్గమనడం లేదు. ఆషూరా నాడు అలం ఏనుగు మీద బయల్దేరితే వీధి మగవాళ్ళది, మేడలూ కిటికీలూ ఆడవాళ్ళవి. మత పెద్దరికం ఎక్కడికీ పోలేదు. కానీ ఏడవడమంటే సాక్ష్యం చెప్పడమనీ, ఆ సాక్ష్యాన్ని ఏటా తిరిగి చెప్పకపోతే చంపినవాడి కథే మిగులుతుందనీ ఎరిగిన వాళ్ళు వాళ్ళు. మన సంస్మరణ సభలకు ఆపాటి ఎరుక కూడా లేదు. అక్కడ ఆడవాళ్ళకిచ్చేది ప్రారంభ గీతం, లేకపోతే భార్యగా ముందు వరసలో ఒక కుర్చీ.

జానపద సాహిత్యం మీద పీహెచ్‌డీలు చేసిన మనం సంస్మరణ సంచికకు మరో వ్యాసం రాసివ్వడం ఇక ఆపుదాం. జననాట్యమండలిలో, అరుణోదయలో, కళాసమితిలో వంత పాడిన ఆడవాళ్ళు ఎవరెవరు, ఏ ఊళ్ళో ఉన్నారు, ఏ చరణం ఎవరు కట్టారు, లలిత పాడిన క్యాసెట్ ఎవరింట్లో ఉంది? ఈ ప్రశ్నలు పట్టుకుని తిరగాలి. 1970లలో ఇరవయ్యేళ్ళకు గజ్జె కట్టిన అమ్మాయికి ఇప్పుడు డెబ్బై దగ్గరపడ్డాయి, లేదా దాటాయి.