ఎలుకకు తగ్గింది, మరి మా బావగారికి?

మా అక్క భర్తకు డెబ్భై రెండేళ్ళు. ఆరేళ్ళుగా పార్కిన్సన్స్ జబ్బు. ఇక్కడే శ్రీ విజయపురంలో (2024 దాకా పోర్ట్ బ్లెయిర్) మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటారు. ఆ మధ్య వాళ్ళింటికి వెళితే బల్ల మీద జిరాక్సు కాగితాల కట్ట కనిపించింది. ఒక రక్తపోటు మాత్ర పార్కిన్సన్స్‌ను ఆపేస్తుందని "శాస్త్రీయంగా రుజువైంది" అట! ఆ మాటలు చెప్పి మాత్రలు ఇచ్చినాయన డాక్టరు కాదు, మందుల వ్యాపారి. వాటిని నమ్ముకుని బావగారు రోజూ వేసుకునే లెవోడోపా మానేశారు. నాలుగో రోజుకు మంచం దిగలేకపోయారు. మింగడం కూడా కష్టమైంది.

నేను బి.కాం. చదివాను. రక్షణశాఖ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. వైద్యం నాకు రాదు. కానీ వోచరు లేని బిల్లు పాస్ చెయ్యకూడదని తెలుసు. అందుకే ఆ కాగితాలు చదివాను. రుజువైన మాట నిజమే. ఎవరిలో? ఎలుకల్లో!

ఎలుకలకు ఈ జబ్బు దానంతటది రాదు, తెప్పించాలి. 1982లో కాలిఫోర్నియాలో దొంగచాటుగా తయారైన హెరాయిన్ వాడిన కొందరు ఉన్నట్టుండి కొయ్యబారిపోయారు. దానికి కారణం ఎం.పి.టి.పి. అనే పదార్థమని 1983లో ప్రకటించారు. ఆనాటి నుంచి దాన్ని జంతువులకు ఎక్కించి, మెదడులో డోపమిన్ తయారుచేసే కణాలను చంపి, వాటిని కాపాడే మందుల కోసం వెతుకుతున్నారు. పరిశోధనకు ఇది అవసరమే, నేను కాదనను. కానీ ఆడిట్ చేసి చూడండి.

ఇలాంటి పరీక్షలు చాలావాటిలో మందు ముందే ఇస్తారు, విషం తర్వాత ఎక్కిస్తారు. మనిషి సంగతి వేరు. చెయ్యి వణికి డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికే ఆ కణాల్లో చాలా భాగం పోయి ఉంటాయి. దొంగ రాకముందు వేసిన తాళమూ, ఇల్లు దోచుకుపోయాక వేసిన తాళమూ ఒకటేనా? ఇంకో మెలిక ఉంది. ఎం.పి.టి.పి.ని అసలు విషంగా మార్చేది మెదడులోని ఒక ఎంజైము. ఆ ఎంజైమును అడ్డుకునే మందు ఏదిచ్చినా ఎలుక బాగానే ఉంటుంది. అది జబ్బును ఆపినట్టా, విషం తయారుకాకుండా ఆపినట్టా?

ఇక మనుషుల లెక్క. కాగితాల్లో ఉన్న మందు ఇస్రాడిపిన్. 2007లో ఎలుకల్లో గొప్ప ఆశ చూపింది. తర్వాత 336 మంది రోగులకు మూడేళ్ళపాటు పరీక్షించారు. 2020లో ఫలితం అచ్చయింది: ఉత్తుత్తి మాత్ర మింగినవారికీ వీరికీ తేడా లేదు. పైగా బావగారికి అంటగట్టింది అది కూడా కాదు, అదే కోవకు చెందిన మరో మాత్ర! క్రియాటిన్‌ను 1,741 మందిలో పరీక్షించి, లాభం లేదని 2013లో ఆపేశారు. మధుమేహం మందు ఎక్సెనటైడ్ 2017లో 62 మందిలో పనిచేసినట్టు కనిపించింది. 194 మందిలో చూస్తే ఏమీ లేదని 2025లో తేలింది. దాని తోబుట్టువు లిక్సిసెనటైడ్ 2024లో 156 మందిలో కొద్దిపాటి మేలు చూపిన మాటా దాచను. అది ఆశ మాత్రమే, రసీదు కాదు.

"ప్రయత్నిస్తే పోయేదేముంది?" అంటారు. ఈ జబ్బులో లేచి నిలబడితే రక్తపోటు పడిపోవడం మామూలే. దాని మీద రక్తపోటు మాత్రా? పడితే విరిగేది తుంటి ఎముక!

మిత్రులారా, నన్ను బాధించింది వేరే. మా బావగారు జీవితంలో తాయెత్తు కట్టలేదు, విభూతి ముట్టలేదు. మన హేతువాదే! బాబా ఇస్తే విసిరికొట్టేవారు. జిరాక్సు కాగితం ఇస్తే కళ్ళకద్దుకున్నారు. "శాస్త్రీయం" అన్న మాట మనకు మంత్రమైపోతే మనకూ భక్తులకూ తేడా ఏమిటి? ఎవరిలో పరీక్షించారు? మందు ముందిచ్చారా, తర్వాతా? ఎంతమందిలో, ఎన్నాళ్ళు? ఈ ప్రశ్నలు బాబాలకే కాదు, పరిశోధన పేరు చెప్పేవారికీ వెయ్యాలి.

డాక్టరు సలహాతో లెవోడోపా మళ్ళీ మొదలుపెట్టాం. అది జబ్బును ఆపదు, ఆపుతానని ఎవరికీ మాటివ్వదు. కానీ ఇప్పుడు బావగారు వసారా దాకా నడుస్తున్నారు.