ఎనిమిది పైసలు ఎటు పోయాయి?

నా ముందు పద్నాలుగు ఉత్తరాల నకళ్లున్నాయి. కోస్తాలోని ఒక మునిసిపాలిటీకీ, ఆ జిల్లా గ్రంథాలయ సంస్థకూ మధ్య 2019 నుంచి 2021 దాకా నడిచినవి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి, ముప్పై రోజుల గడువు దాటాక అప్పీలుకు వెళ్లి తెచ్చుకున్నవి. వాటిలో "బకాయి" అన్న మాట ఉంది. "నిధుల కొరత" ఉంది. "ప్రస్తుత పరిస్థితుల దృష్ట్యా" ఉంది. "తగు చర్య నిమిత్తం" అయితే లెక్కలేనన్ని సార్లుంది. పాఠకురాలు అన్న మాట మాత్రం ఒక్కచోట కూడా లేదు. ఆ మాటకొస్తే పాఠకుడూ లేడు. కానీ గ్రంథాలయం మూతపడితే అతనికి టీకొట్టుంది, అరుగుంది, సెంటరుంది. ఆమెకు ఇల్లు తప్ప మరో చోటు లేదు. నా గొడవంతా ఆ తేడా గురించే.

ఈ ఉత్తరాల వెంట పడడానికి కారణం ఒక అమ్మాయి. కానిస్టేబుల్ పరీక్షకు చదువుకుంటోంది. ఆ ఊరి శాఖా గ్రంథాలయంలో రోజూ కిటికీ పక్క బెంచీ ఆమెది. లాక్‌డౌన్ సడలించి కొన్నాళ్లయ్యాక ఒక సమావేశంలో కలిసింది. చదువు ఎలా సాగుతోందని అడిగితే, "ఇంట్లో ఉంటే పనుంటుంది మేడమ్, లైబ్రరీలో ఉంటే చదువుంటుంది" అంది. స్త్రీల శ్రమ గురించీ, ఇంట్లో వాళ్లకు దక్కని చోటు గురించీ ఇరవయ్యేళ్లుగా రాస్తున్నదాన్ని. నా రాతలన్నిటికంటే ఆ ఒక్క మాట సూటిగా ఉంది. లైబ్రరీ ఎప్పుడు తెరుస్తారని ఆమె అడిగింది. నా దగ్గర జవాబు లేదు. దానికోసం వెతుకుతూ పోతే ఈ ఉత్తరాలు దొరికాయి.

ముందు చట్టం సంగతి చెప్పుకుందాం. సంఘాల్లో పనిచేసే మనకు గృహహింస చట్టం సెక్షన్లు నిద్రలో లేపి అడిగినా వస్తాయి. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం మనలో ఎంతమందిమి చదివాం? ఈ రిజిస్టర్లు తిరగేసేదాకా నేనూ చదవలేదు. ఆ చట్టం కింద పంచాయతీలూ మునిసిపాలిటీలూ ఇంటి పన్నుతోపాటు రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తాయి. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలోనూ ఇదే చట్టం కొనసాగింది. వసూలైన సెస్సును జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలి. పుస్తకాలు, పత్రికలు, కుర్చీలు, భవనాల అద్దెలు చాలావరకు ఆ డబ్బుమీదే ఆధారపడి ఉంటాయి.

అంటే ఆ ఎనిమిది పైసలు మునిసిపాలిటీ సొమ్ము కాదు. మునిసిపాలిటీ కేవలం చేరవేసే మనిషి. అత్తగారి పేర వచ్చిన మనియార్డరును పోస్ట్‌మాన్ తన ఇంటి ఖర్చులకు వాడుకుని, "ఈ నెల కష్టంగా ఉందమ్మా, వచ్చే నెల ఇస్తాను" అంటే ఊరుకుంటామా? ఆ ఉత్తరాల్లో జరుగుతున్నది అదే. పైగా ఇది సొంత ఇల్లున్నవాళ్లు మాత్రమే కడుతున్న డబ్బు కాదు. ఒంటిగదిలో అద్దెకుండి మిషను కుట్టుకునే ఆమె కట్టే అద్దెలోనూ ఆ ఇంటి పన్ను కలిసే ఉంటుంది.

ఇక ఉత్తరాలు. మొదటి నాలుగూ కోవిడ్ పేరు కూడా ఎవరికీ తెలియనప్పటివి. బకాయి చెల్లించండని గ్రంథాలయ సంస్థ రాస్తుంది. పన్ను వసూళ్లు ఆశాజనకంగా లేవని మునిసిపాలిటీ జవాబిస్తుంది. వసూలైన దాంట్లో భాగం ఇమ్మంటే, వసూలు కానిదాన్ని చూపించి తప్పించుకోవడం! వసూలైన సెస్సును విడి ఖాతాలో ఉంచారా అని ఐదో ఉత్తరం అడిగింది. దానికి జవాబు లేదు. తర్వాత 2020 మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఆ తర్వాతి ఉత్తరాలన్నిటికీ ఒకటే జవాబు: కోవిడ్ నివారణ చర్యల వల్ల నిధులు లేవు. అంటే మహమ్మారికి ముందు కూడా డబ్బు ఇవ్వలేదు. మహమ్మారి వచ్చాక ఇవ్వకపోవడానికి ఒక గౌరవనీయమైన కారణం దొరికింది. అంతే తేడా.

ఇందులో గ్రంథాలయ సంస్థ సుద్దపూసేమీ కాదు. దాని అధ్యక్ష పదవి ప్రభుత్వం నామినేట్ చేసేది, పాఠకులు ఎన్నుకునేది కాదు. అందుకే ఆ ఉత్తరాల్లో కోపం లేదు, తొందర లేదు. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసును నొప్పించకుండా ఎలా అడుగుతుందో అలా అడిగాయి. అటుపక్క మునిసిపాలిటీలో అసలు కౌన్సిలే లేదు. 2019 మధ్యలో పాత కౌన్సిళ్ల గడువు తీరింది. 2021 మార్చిలో ఎన్నికలు జరిగేదాకా ప్రత్యేకాధికారుల పాలనే. స్థానిక సంస్థల్లో సగం సీట్లు మనకే అని సంబరపడ్డాం. ఊరి బతుకు తలకిందులైన ఏడాదిలో ఆ సీట్లే లేవు! ఎన్నికలయ్యాక నడిచిన ఉత్తరాల్లోనూ ఎన్నికైన ఏ సభ్యురాలికీ నకలు పంపిన గుర్తు లేదు.

"ప్రాణాలు పోతుంటే పుస్తకాల గోలేమిటి?" అని అడిగేవాళ్లున్నారు. ఇది కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. 2020 ఏప్రిల్లో పఠనమందిరం తెరిచి అందరినీ పక్కపక్కన కూర్చోబెట్టమని నేనూ అనను. కానీ తాళం వెయ్యడం ఒక్కటే మార్గమా? గుమ్మంలో బల్ల వేసి పుస్తకాలు ఇవ్వచ్చు. పాఠ్యపుస్తకాలు, పోటీ పరీక్షల పుస్తకాలు వారానికోసారి వీధివీధికీ పంపించవచ్చు. ఇది గాలిలో మేడలు కట్టడం కాదు. ఇళ్లలో ఉండే స్త్రీలకు పుస్తకాలు తీసుకెళ్లి ఇచ్చే పథకాన్ని కేరళ గ్రంథాలయాలు కోవిడ్‌కు ఎంతో ముందే నడిపాయి. మన దగ్గర ఆ ఆలోచన వచ్చినట్టు ఈ పద్నాలుగు ఉత్తరాల్లో ఒక్క వాక్యం లేదు.

మరి గుంపుల భయం అన్నిచోట్లా ఒకటేనా? 2020 మే 4న ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే నడుపుతున్న మద్యం దుకాణాలు తెరుచుకున్నాయి. ఆ రోజు ధర 25 శాతం పెంచారు, మర్నాడు మరో 50 శాతం. మే 6న తెలంగాణలోనూ తెరిచారు. రోడ్డుమీద సున్నంతో వలయాలు గీశారు, బారులు తీర్చారు, పోలీసులను నిలబెట్టారు. మద్యం దుకాణం ముందు గీయగలిగిన వలయం లైబ్రరీ ముందు గీయలేకపోయారా? సున్నం కరువొచ్చిందా? దుకాణం తెరిస్తే ఖజానాకు డబ్బొస్తుంది. గ్రంథాలయం తెరిస్తే, తిని కూర్చున్న డబ్బు బయటపెట్టాల్సి వస్తుంది. ఏది అత్యవసరమో తేల్చింది వైరస్ కాదు, ఈ లెక్క. తాగి వచ్చినవాడితో నాలుగు గోడల మధ్య చిక్కుకున్నది ఎవరో మనం వేరే చెప్పుకోనక్కర్లేదు.

మహమ్మారిని ఎదుర్కోవడంలో గ్రంథాలయానికి పాత్ర ఉండదనుకోవడమే అసలు తప్పు. 2021 మే 1 నుంచి 18–44 ఏళ్లవారికి టీకాలన్నారు. మొదట్లో కోవిన్‌లో ఆన్‌లైన్ నమోదు ఉంటేనే టీకా. 2019–20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇంటర్నెట్‌ను ఎప్పుడైనా వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, పురుషులు 48.8 శాతం. తెలంగాణలో స్త్రీలు 26.5, పురుషులు 57.4. అంటే టీకా కోసం కూడా అన్న ఫోనో, మొగుడి ఫోనో అడుక్కోవాలి. ఆన్‌లైన్ తెలియనివాళ్ల సంగతేమిటని 2021 మే 31న సుప్రీంకోర్టే ప్రశ్నించాల్సి వచ్చింది. ప్రతి పట్టణంలోనూ ఒక ప్రభుత్వ గ్రంథాలయం, అందులో చదువుకున్న ఉద్యోగి, ఊరందరికీ తెలిసిన చిరునామా ఉన్నాయి. ఒక కంప్యూటరు పెట్టి, "ఇక్కడికి రండమ్మా, మేం నమోదు చేస్తాం" అని ఉంటే ఎంతమంది ఆడవాళ్లకు ఆ అడుక్కునే అవస్థ తప్పేది! కంప్యూటరు కొనడానికి డబ్బేదీ అంటారు. ఉంది. మునిసిపాలిటీ ఖాతాలో బకాయిగా ఉంది.

ఫోనే అన్నీ నేర్పుతుంది, ఇంకా లైబ్రరీలెందుకు అని వాదించేవాళ్లకూ పై అంకెలే జవాబు. ఫోను ఇంట్లో అన్నదమ్ములతో పంచుకోవాల్సిన వస్తువు. ఆడపిల్ల చేతిలో ఎక్కువసేపు ఉంటే అనుమానించే వస్తువు. గ్రంథాలయం అలాంటిది కాదు. ఏమీ కొనకుండా, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా, తల దించుకోకుండా ఒక ఆడది నాలుగు గంటలు కూర్చోగలిగిన పైకప్పు మన ఊళ్లలో ఇంకేముంది? గుడి అంటారేమో. గుడిలో నెలకు ఎన్ని రోజులు కూర్చోనిస్తారో మనకు తెలుసు.

భండారు అచ్చమాంబ బడికి పోయి చదువుకోలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపించినవారిలో ఆ తమ్ముడొకరు. మన గ్రంథాలయోద్యమ చరిత్రను ఆయన దగ్గర మొదలుపెట్టి రాస్తారు. నేనైతే ఆమె కూర్చున్న ఆ పక్కచోటు దగ్గర మొదలుపెడతాను. పుస్తకం పక్కన కూర్చునే చోటు దొరికితే ఒక స్త్రీ ఏం చేయగలదో ఆమె చూపించింది. ఆ చోటు తమ్ముడి దయమీద కాక హక్కుగా దొరకడానికే పౌర గ్రంథాలయం ఉన్నది.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన ప్రశ్న వేరే ఉంది. కార్మిక సంఘంలో పనిచేసే ఒక స్నేహితురాలు అడిగింది: "ఆ డబ్బుతోనే పారిశుధ్య కార్మికుల జీతాలు ఇచ్చారేమో! ఊడ్చేవాళ్లూ ఆడవాళ్లే కదా, వాళ్ల నోటి దగ్గర కూడు లాగుతావా?" రెండు రాత్రులు ఆలోచించాను. నా జవాబు ఇది. చీపురు పట్టిన ఆమె జీతం మునిసిపాలిటీ బాధ్యత, ప్రభుత్వం బాధ్యత. దాన్ని ఆమె కూతురు చదువుకోవాల్సిన పుస్తకం డబ్బుతో తీర్చడం న్యాయం కాదు. పేదరాలి ఎడమచేతి నుంచి లాక్కుని కుడిచేతిలో పెట్టడాన్ని సహాయం అనరు. పైగా జీతాలకే ఇచ్చామని ఆ ఉత్తరాల్లో ఎక్కడా రాయలేదు. రాసి ఉంటే కనీసం లెక్క అడిగేవాళ్లం. ఆ గ్రంథాలయాన్ని ఊడ్చి బెంచీలు తుడిచే పార్ట్‌టైం మనిషి కూడా ఆడమనిషే. సెస్సు రాలేదని ఆమెకు నెలల తరబడి డబ్బివ్వలేదు. ఆ పద్నాలుగు ఉత్తరాల్లో ఆమె ప్రస్తావనా లేదు.

ఇక మన వంతు. లాక్‌డౌన్‌లో మన సంఘాలు చేసిన పని తక్కువేమీ కాదు. బియ్యం పంచాం, వలస కూలీల వెంట నడిచాం, హింసకు గురైన స్త్రీల ఫోన్లు అర్ధరాత్రి ఎత్తాం. కానీ మనం ఇచ్చిన వినతిపత్రాల్లో గ్రంథాలయం తెరవమన్న కోరిక ఉందా? నేను రాసినవాటిలో లేదు. నాకు కావలసిన పుస్తకాలు నా కంప్యూటర్లోకి వచ్చేశాయి కాబట్టి తాళం వేసిన తలుపు నాకు కనిపించలేదు. ఇది ఒప్పుకోకుండా మునిసిపాలిటీని తిట్టే అర్హత నాకుండదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించడానికి ముందు ఏం జరిగింది? రాత్రిబడిలో కూర్చుని అక్షరాలు దిద్దారు. చదివినదాన్ని తమ బతుకుతో పోల్చి చూసుకున్నారు. ఆ తర్వాతే రోడ్డెక్కారు. ఆ పోరాటాన్ని వార్షికోత్సవాల్లో తలుచుకుంటాం. ఆ అక్షరాలు ఎక్కడ కూర్చుని దిద్దారన్నది మరిచిపోతాం.

కాబట్టి రాబోయే బడ్జెట్ సమావేశాలకు ముందు ప్రతి సంఘం తన ఊళ్లో ఈ పని చెయ్యాలని అడుగుతున్నాను. గత ఐదేళ్లలో ఎంత గ్రంథాలయ సెస్సు వసూలైంది, ఎంత జమ చేశారు, ఏ తేదీన చేశారు అని సమాచార హక్కు కింద అడగండి. వచ్చిన జవాబును గ్రంథాలయం గోడమీద అంటించండి. సెస్సును విడి ఖాతాలో ఉంచి, మూడు నెలలకోసారి లెక్క ప్రకటించాలని కౌన్సిల్లో తీర్మానం పెట్టించండి. ఇప్పుడు సీట్లలో మనవాళ్లున్నచోట ఆ తీర్మానం వాళ్ల చేతే పెట్టించండి. పల్లెల్లో అయితే రాజ్యాంగం పదకొండో షెడ్యూల్లో గ్రంథాలయాలు 20వ అంశమని సర్పంచికి చూపించండి. స్త్రీలకు మరుగుదొడ్డి, దీపం ఉన్న దారి, సాయంత్రం కూర్చునే వేళ అడగండి. మళ్లీ ఏ మహమ్మారో, వరదో వస్తే గ్రంథాలయం మొదట మూసే చోటుగా కాక మొదట సమాచారమిచ్చే చోటుగా ఉండాలని విపత్తు ప్రణాళికలో రాయించండి.

ఆ అమ్మాయి ఆ ఏడాది పరీక్ష రాయలేదు. తర్వాతి ఏడాది పెళ్లి చేశారు. పద్నాలుగు ఉత్తరాల్లో ఒక్కదానికైనా సరైన జవాబు వచ్చి ఉంటే ఆమె బతుకు మారిపోయేదని నేను చెప్పలేను. కిటికీ పక్క బెంచీ మాత్రం ఆమెకు ఉండేది. ఆ బెంచీకి మనం డబ్బు కట్టాం. పదిహేనో ఉత్తరం మనం రాద్దాం.