గోల్ కొట్టని పిల్ల

అమెరికాలో ఉన్న మా చెల్లెలు ఫోన్ చేస్తే చాలు, కూతురి ఫుట్‌బాల్ గొడవే! పిల్ల పదో తరగతి, డిఫెండరు. అంటే గోల్ కొట్టదు, ఎదుటివాళ్ళని కొట్టనివ్వదు. మన వంటింటి చాకిరీలాగే, సరిగ్గా జరిగినంతకాలం ఎవరి కంటా పడదు!

అక్కడ పదో తరగతి అయ్యాక, జూన్ 15 నుంచే డివిజన్ వన్ కాలేజీల కోచ్‌లు పిల్లలతో నేరుగా మాట్లాడొచ్చట. ఆలోగా ఆట వీడియో పంపుకోవాలి. డివిజన్ త్రీ అయితే ఆటకి స్కాలర్‌షిప్పే లేదు.

"వీడియోలో ఏం పెట్టమంటావక్కా? దీని పేర ఒక్క గోలూ లేదు" అని దాని దిగులు. బంతి లాక్కున్నవీ, అడ్డుకున్నవీ పెట్టమన్నాను. 2019 ప్రపంచ కప్ గెలిచిన అమెరికా జట్టు డిఫెండర్ క్రిస్టల్ డన్ కూడా నార్త్ కరోలినా యూనివర్సిటీలో ఆడి వచ్చిందే కదా! మోకాలి దెబ్బల భయం నాకూ ఉంది గానీ, పైకి అనలేదు.

జూన్‌కింకా రెండు నెలలుంది. పిల్ల తెల్లారకుండానే గ్రౌండుకి పోతోందట.