మాను వంగదని తేల్చిందెవరు?

స్కేటింగ్ నేర్పే చోటికి ఏ సాయంత్రం వెళ్ళినా కనబడేది ఒకటే. గచ్చు మీద ఆరేడేళ్ళ పిల్లలు హెల్మెట్లు పెట్టుకుని గిరగిరా తిరుగుతుంటారు. గట్టు మీద అమ్మలూ నాన్నలూ మంచినీళ్ళ సీసాలు, బూట్ల సంచులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. వాళ్ళలో ఎవరైనా సిగ్గు విడిచి "మాకూ నేర్పుతారా?" అని అడిగితే ముందు నవ్వు వినిపిస్తుంది, వెనకే సామెత వస్తుంది: మొక్కై వంగనిది మానై వంగునా? కాస్త మెత్తని కోచ్ అయితే సగం ఒప్పుకుంటాడు. ముందుకు పోవడం వరకు నేర్పుతాం గానీ, బ్యాక్‌వర్డ్ మాత్రం మీ వయసులో వద్దండీ అంటాడు.

అసలు పేచీ ఈ సగం ఒప్పుకోలుతోనే. ముప్పై దాటినవాళ్ళు తిన్నగా నాలుగు గజాలు దొర్లితే చాలు, వెనక్కి వంపు తిరగడం వాళ్ళ వల్ల కాదు, అయినా వాళ్ళకెందుకు అన్న మాట కోచ్‌లలో, ఇళ్ళల్లో, చివరికి నేర్చుకోవాలని మనసున్నవాళ్ళలో కూడా పాతుకుపోయింది. ఆధారం ఏమిటని అడిగితే మళ్ళీ ఆ సామెతే చెబుతారు.

ముందు విద్య సంగతి, మంచు మీద ఆడే ఆటతో మొదలుపెట్టి చూద్దాం. ఫిగర్ స్కేటింగ్ బ్లేడు అడుగు చదునుగా ఉండదు. మధ్యలో పొడుగునా సన్నని గాడి, దానికి అటూ ఇటూ రెండు అంచులు ఉంటాయి. చిటికెన వేలి వైపుది అవుట్‌సైడ్ ఎడ్జ్, బొటనవేలి వైపుది ఇన్‌సైడ్ ఎడ్జ్. రెండు కాళ్ళు, రెండు దిక్కులు, రెండు అంచులు కలిపి లెక్కేస్తే ఎనిమిది ఎడ్జ్‌లు. అందులో నాలుగు వెనక్కి పోయేవే. ప్రధానమైన ఆరు గెంతుల్లో ఆక్సెల్ ఒక్కటి తప్ప మిగతా అయిదూ వెనక్కి పోతూనే లేస్తాయి. దిగేది మాత్రం ఆరూ వెనక్కి పోతూనే. అంటే బ్యాక్‌వర్డ్ వద్దన్న కోచ్ పెద్దవాళ్ళకు అక్షరాల్లో సగం దాచిపెట్టి చదువు చెబుతున్నాడన్నమాట.

ఆ నాలుగు ఎడ్జ్‌లకు కావలసినవి ఏమంత బ్రహ్మవిద్య కాదు. మోకాళ్ళు వంచాలి. బరువు మడమ మీద వాలకుండా పాదం ముందు భాగాన నిలవాలి. నడుము దగ్గర విరగకుండా, చీలమండ నుంచి తల దాకా ఒళ్ళంతా ఒకే గీతలా వలయం లోపలికి ఒరగాలి. చూపు భుజం మీదుగా పోయే దారి మీద ఉండాలి. దీనికి కండబలం పెద్దగా అక్కర్లేదు. కంటికి ఎదురుగా లేని దిక్కుకు ఒంటికాలి మీద ఒళ్ళు అప్పగించడానికి ధైర్యం కావాలి.

ఆ ధైర్యం మన తెనాలి, బాపట్ల, రేపల్లె మనుషులకు ఎవరూ కొత్తగా నూరిపోయనక్కర్లేదు. ఆ ఊళ్ళున్న కృష్ణా పశ్చిమ డెల్టాలో వరినాట్లు చూసినవాళ్ళకు తెలుసు. నాట్లు వేసే ఆడవాళ్ళు పొలమంతా వెనక్కి అడుగులు వేస్తూనే నాటుతారు. ముందుకు నడిస్తే నాటిన మొక్క కాలికింద నలుగుతుంది. దమ్ము చేసిన బురద జారుతుంటుంది, మోకాళ్ళు వంగి ఉంటాయి, వెనకేముందో కనబడదు. అయినా వరస తప్పదు. ఆ వరసలో నలభై, యాభై దాటినవాళ్ళు ఎందరో. సముద్రం వైపు వెళ్తే అలివి వల లాగేవాళ్ళు తాడు పట్టుకుని, ఒళ్ళు వెనక్కి వాల్చి, ఇసుకలో అడుగు తర్వాత అడుగు వెనక్కే వేస్తారు. తాడు పేనేవాళ్ళు పురి సాగినకొద్దీ వెనక్కే జరుగుతారు. బురదలో యాభై ఏళ్ళ కూలీ వెనక్కి నడిస్తే అది పని. గచ్చు మీద నలభై ఏళ్ళ టీచరమ్మ వెనక్కి జారితే మాత్రం విడ్డూరం!

నడక వేరు, జారుడు వేరు కదా అని అడ్డుపడవచ్చు. వేరే. చక్రం కదిలినంత తేలిగ్గా బురద కదలదు. కానీ సామెత అడ్డం పెట్టుకున్నవాళ్ళు చక్రాన్ని అనుమానించలేదు, వయసొచ్చిన ఒంటిని అనుమానించారు. ఆ అనుమానానికి జవాబు ప్రతి ఏటా నాట్ల కాలంలో వాళ్ళ ఊరి పొలంలోనే దొరుకుతోంది.

స్కేటింగ్ చరిత్రలోనూ దొరుకుతుంది. సోవియట్ స్కేటర్ లుద్మిలా బెలౌసోవా ఈ ఆట మొదలుపెట్టింది 16 ఏళ్ళకు. ఆమె జోడీ, భర్త ఒలెగ్ ప్రొటొపొపోవ్ మొదలుపెట్టింది 15 ఏళ్ళకు. నాలుగైదేళ్ళకే మంచు మీద నిలబెట్టే ఆటలో అది ముదురు వయసే. ఆ ఇద్దరూ 1964లో ఇన్స్‌బ్రుక్‌లోనూ, 1968లో గ్రెనోబుల్‌లోనూ పెయిర్స్ ఒలింపిక్ స్వర్ణం గెలిచారు. రెండోసారి గెలిచేటప్పటికి ఆమెకు 32, ఆయనకు 35.

పదహారేళ్ళ పిల్లను పెద్దవాళ్ళతో పోల్చడమేమిటంటే, పెద్దవాళ్ళ సంగతే చూడవచ్చు. అమెరికాలో వయోజనుల జాతీయ ఫిగర్ స్కేటింగ్ పోటీలు 1995లోనే మొదలయ్యాయి. అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య ఆధ్వర్యంలో జర్మనీలోని ఒబెర్‌స్ట్‌డోర్ఫ్‌లో 2005 నుంచి వయోజనుల పోటీ నడుస్తోంది. నడివయసులో మొదటిసారి బూటు లేసు కట్టినవాళ్ళు, జుట్టు నెరిసినవాళ్ళు అక్కడ బరిలోకి దిగుతారు. వెనక్కి పోవడం రానివాళ్ళకు అక్కడ కార్యక్రమమే కుదరదు.

మెదడు మొద్దుబారుతుందన్న వాదం కూడా ఒకటుంది. 2004లో జర్మనీ పరిశోధకులు, బంతులు గాల్లో తిప్పే ఆట అసలు రాని పడుచువాళ్ళకు మూడు నెలలు మూడు బంతులు ఎగరేసి పట్టడం నేర్పి, వాళ్ళ మెదడులో వచ్చిన మార్పును నేచర్ పత్రికలో చూపించారు. 2008లో అదే ప్రయోగం అరవై ఏళ్ళ సరాసరి వయసువాళ్ళ మీద చేశారు. పడుచువాళ్ళంత బాగా వాళ్ళకు ఆట పట్టుబడలేదు, ఆ మాట దాచనక్కర్లేదు. అయితే మెదడులో మార్పు వాళ్ళలోనూ కనబడింది. ఆలస్యంగా వస్తుంది, తక్కువగా వస్తుంది అనడానికీ, అసలు రాదు అనడానికీ మధ్య చాలా దూరం ఉంది. సామెత ఆ దూరాన్ని మింగేస్తోంది.

ఇక ఎముకల మాట. ఇది గాలి కబురు కాదు. పడబోతూ చెయ్యి ఆన్చుకుంటే మణికట్టు విరగవచ్చు. నెలసరి ఆగిన ఆడవాళ్ళలో ఎముక గుల్లబారే ప్రమాదం ఎక్కువ. పిల్లాడికి కట్టు కడితే బడికి సెలవు, అంతే. కుట్టుమిషను మీద బతికే మనిషికి కట్టు కడితే ఇల్లు గడవదు. ఈ భయాన్ని వెక్కిరించేవాళ్ళు అన్యాయం చేస్తున్నట్టే.

అయితే భయానికి మందు ఉంది. చక్రాలు ఒకే వరసలో ఉండే ఇన్‌లైన్ స్కేటింగ్‌లో గాయపడి ఆసుపత్రికి వచ్చినవాళ్ళ మీద 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం అచ్చయింది. మణికట్టు గార్డు పెట్టుకోనివాళ్ళకు మణికట్టు గాయం అయ్యే అవకాశం పెట్టుకున్నవాళ్ళతో పోలిస్తే సుమారు పదిరెట్లని అందులో తేలింది. హెల్మెట్, మోకాలి ప్యాడ్లు, మణికట్టు గార్డులు పిల్లల సరంజామా అనుకుని పెద్దవాళ్ళు వదిలేయడమే అసలు ముప్పు. ఎముక గట్టితనం మీద అనుమానం ఉన్నవాళ్ళు ముందు డాక్టరును అడగాలి. మరో సంగతి కూడా ఉంది. అరవై దాటినవాళ్ళు పడిపోవడం వ్యాయామంతో 23 శాతం తగ్గుతుందని వైద్య అధ్యయనాలను కలిపి చూసే కాక్రేన్ సమీక్ష 2019లో తేల్చింది. ఒళ్ళు నిలదొక్కుకునే సాధనకు అందులో ముఖ్యమైన చోటుంది. అక్కడ లెక్కలోకి వచ్చినవి స్కేటింగ్ పాఠాలు కావు. అయినా పడతావు కాబట్టి కదలకు అన్న సలహా ఎటు తీసుకుపోతుందో దాన్నిబట్టి ఊహించవచ్చు.

మూడో అభ్యంతరం ఊరి మీదికి పోతుంది. మంచు ఎక్కడుందని ఎడ్జ్‌లు నేర్చుకోవడం? నిజాంపట్నం రేవు దగ్గర ఐసంటే చేపల పెట్టెల్లో కొట్టి పోసే ఐసే. సహజ మంచు మీద రింకు కావాలంటే 1920 నుంచి సిమ్లాలో ఉంది. పెద్ద కృత్రిమ రింకు డెహ్రాడూన్‌లో ఉంది. రెండూ తెనాలి స్టేషనుకు రోజుల ప్రయాణం.

ఈ అభ్యంతరానికి 1863లోనే జవాబు దొరికింది. న్యూయార్క్‌లో జేమ్స్ ప్లింప్టన్ చేసిన నాలుగు చక్రాల స్కేటులో పాదం ఒక పక్కకు ఒరిగితే రబ్బరు నొక్కుకుని ఇరుసు ఆ పక్కకే తిరుగుతుంది. మంచు మీద అంచు చేసే పనిని గచ్చు మీద ఆ ఒరుగు చేస్తుంది. ఆ స్కేట్ల మీద ఆడే ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లోనే హైదరాబాదు స్కేటర్ అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సింగిల్స్‌లో ఒక కాంస్యం, అవనీ పంచాల్‌తో కలిసి పెయిర్స్‌లో మరో కాంస్యం గెలిచాడు. 2015 అర్జున అవార్డు అందుకున్నాడు. చదునైన సిమెంటు గచ్చు ఉంటే చాలు, నాలుగు బ్యాక్‌వర్డ్ ఎడ్జ్‌లూ రేపల్లెలోనే నేర్చుకోవచ్చు.

మరి పెద్దవాళ్ళకు ఎందుకు రావడం లేదు? నేర్పే పద్ధతి పిల్లలదే కాబట్టి. పిల్లలు చూసి పట్టేస్తారు. ముందున్న పిల్ల చేసినట్టు ఈ పిల్లా చేస్తుంది, పడుతుంది, లేస్తుంది. పెద్దవాళ్ళకు ఎందుకో చెప్పాలి. మడమ మీద బరువు వేస్తే వెల్లకిలా పోతారని, మరీ ముందుకు వేస్తే బూటు ముందుండే టో స్టాప్ గీరుకుని వేగం చచ్చిపోతుందని విడమర్చి చెప్పాలి. గోడను తోసి రెండు కాళ్ళ మీద వెనక్కి జారడం, తర్వాత మడమలు విప్పుతూ ముడుస్తూ నేల మీద నిమ్మకాయ ఆకారం గీయడం, తర్వాత సుద్దతో గీసిన వలయం మీద ఒంటికాలి వంపు. ఇలా మెట్టు మెట్టుకూ కారణం తెలిస్తే పెద్దవాళ్ళు ఇంటికెళ్ళి కూడా దాని గురించే ఆలోచిస్తారు, అది పిల్లలకు లేని బలం. ఆ ఓపిక లేని కోచ్ వయసును నిందించడం ఆడలేక మద్దెల ఓడనడమే.

కొత్త నడక నేర్వడంలో ఈ ప్రాంతానికి మంచి పేరే ఉంది. 1902లో బాపట్లలో పుట్టిన రంగస్థల నటుడు స్థానం నరసింహారావు స్త్రీ పాత్రల కోసం పుట్టుకతో రాని నడకను ఒంటికి పట్టించుకుని, తెనాలి శ్రీరామ విలాస సభ వేదిక మీద మెప్పించి, 1956లో పద్మశ్రీ అందుకున్నాడు. తన పాత్రల్ని ఎలా తీర్చుకున్నాడో ‘నటస్థానం’లో రాసుకున్నాడు కూడా. ఆయనకు వచ్చింది ఆలోచించి, సాధన చేసి తెచ్చుకున్న విద్య.

మిగిలింది సిగ్గు. నలుగురూ నవ్వుతారన్న భయం ఒంటరిగా ఉన్నప్పుడే కొరుకుతుంది. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు సైకిలు నేర్చుకున్న పల్లె ఆడవాళ్ళు వేలమంది. కూలీలూ, పిల్లల తల్లులూ చీరలతోనే సైకిలెక్కారు. ఒక్కామె తొక్కితే నవ్వేవాళ్ళేమో గానీ, గుంపుగా తొక్కేసరికి నవ్వేవాళ్ళే తప్పుకోవాల్సి వచ్చింది.

2022లో జిల్లాలు విడిపోయాక తెనాలి గుంటూరులో ఉండిపోయింది, బాపట్ల, రేపల్లె కొత్త జిల్లాలోకి వెళ్ళాయి. రెండు జిల్లాల క్రీడాధికారులనూ, మూడు పురపాలక సంఘాలనూ అడగవలసింది చిన్నదే. వేసవి శిబిరాల్లో పిల్లల బ్యాచ్ ముగిశాక, దీపాలు ఆర్పకుండా, అదే గచ్చును గంటసేపు పెద్దవాళ్ళకు వదలండి. ఒక కోచ్‌ను, పది జతల మణికట్టు గార్డులను, గోడ పక్కన కాస్త జాగాను ఇవ్వండి. ప్రకటనలో వయోపరిమితి గడి కొట్టేయండి. గట్టు మీద బూట్ల సంచులు పట్టుకుని కూర్చున్నవాళ్ళలో ఎందరు లేచి వస్తారో ఆ తర్వాత లెక్కపెట్టుకుందాం.