సైకిలుకు పాముకాటు

పిల్లలూ, తెనాలి కాలవగట్ల మీదా, రేపల్లె డొంకల్లోనూ, బాపట్ల ఇసకదారుల్లోనూ సైకిలు తొక్కేవాళ్లకు పంక్చరు కొత్త కాదు. 1888లో డన్‌లప్ అనే పశువైద్యుడు గాలిటైరుకు పేటెంటు పొందాడు. గాలితోబాటు సుఖమూ వచ్చింది, పంక్చరూ వచ్చింది!

పంక్చర్లు రెండు రకాలు. ట్యూబును నీళ్లలో ముంచినప్పుడు బుడగలు ఒక్కచోటే వస్తే, అది చాలావరకు తుమ్మముల్లో, పల్లేరుకాయో చేసిన పని. పక్కపక్కనే రెండుచోట్ల వస్తే దాన్ని "పాముకాటు" అంటారు. గాలి తగ్గిన టైరు రాయి ఎక్కినప్పుడు ట్యూబు రాయికీ రిమ్ముకూ మధ్య నలిగి, రెండు చిల్లులు పడతాయి.

కొండదారుల్లో తిరిగే సైకిళ్ల టైర్లలో కొందరు తేలికైన నురగపట్టీ అమరుస్తారు. అది దిండులాగా అడ్డుపడి, రిమ్ము దెబ్బను కాస్తుంది. ముల్లును మాత్రం ఆపలేదు!

మన దారులకు ఆ పట్టీ అక్కరలేదు. టైరులో నిండుగా గాలి ఉంటే చాలు, పాముకాటు భయం తగ్గుతుంది. అందుచేత స్నేహితుణ్ణి వెనక ఎక్కించుకునే ముందు టైరు నొక్కి చూడండి. ఇక ముల్లు సంగతి. ట్యూబుకు అతుకు వేస్తే సరిపోదు. టైరు లోపల గుడ్డతో తడిమి, ముల్లు వెతికి తీసెయ్యాలి. లేకపోతే అదే ముల్లు మళ్లీ గుచ్చుకుంటుంది. బడికి నడకే గతి!