ఏడాది చుట్టం

పంజరంలో పిట్టలు ముక్కు అరగదీసుకోవడానికి పెట్టే తెల్లటి ‘సముద్రపు నురుగు’ నిజానికి నురుగు కాదు, కటిల్‌ఫిష్ ఒంట్లోని గుల్ల. క్షణాల్లో రంగులు మార్చే ఈ జీవిని అమెరికా, ఐరోపాల్లో కొందరు ఇంట్లోనే ఉప్పునీటి అక్వేరియంలో పెంచుతున్నారు. వాళ్లు ఎక్కువగా ఎంచుకునేది ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ తీరాల్లోని మరుగుజ్జు రకాన్ని. అరచేతిలో ఇమిడిపోయే దీనికి 3 గుండెలు, నీలిరంగు రక్తం! గుడ్లు నల్లద్రాక్షల్లా గుత్తిగా ఉంటాయి. బియ్యపు గింజంత పిల్లలకు మొదట్లో బతికున్న బుల్లి రొయ్యలే కావాలి. చచ్చిన మేత ముట్టవు. అది మెల్లగా అలవాటు చేయాలి. ఇంతా చేస్తే ఆయుష్షు ఏడాదే! గుడ్లు పెట్టడం పూర్తయ్యాక తల్లి ఎన్నాళ్లో బతకదు. అందుకే ఆ గుత్తిలోని పిల్లల్ని నిలబెట్టుకుంటేనే మరుసటి ఏడు కూడా తొట్టిలో సందడి.