ఐదో హద్దు

తెలుగులో దారి చెప్పడానికి వాడే ఆనవాలును కొండగుర్తు అంటారు, కొండన్నది కనుచూపు మేరలో లేని డెల్టాలోనూ ఆ మాట అలాగే చెల్లుతుంది. ఏలూరు చుట్టుపక్కల నేడు చెల్లుతున్న కొండగుర్తులు కలపర్రు టోల్‌గేటు, మల్కాపురం దగ్గరి ఆశ్రం ఆసుపత్రి, జాతీయ రహదారి రెండుగా చీలే గుండుగొలను కూడలి వంటివి. వీటిలో ఏ ఒక్కటీ వందేళ్ళ నాటిది కాదు. అయితే వీటన్నిటినీ కలిపే రహదారి మీదనే, ఏలూరుకు తూర్పున పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న దెందులూరు పేరు మాత్రం ఆరో శతాబ్ది నాటికే రాగి రేకులకెక్కింది. విష్ణుకుండిన రాజు రెండవ విక్రమేంద్రవర్మ వేయించిన చిక్కుళ్ళ తామ్రశాసనం, అంటే రాగి రేకుల మీద చెక్కించిన దానపత్రం, ‘లెందులూర’ నుంచి వెలువడినట్టు చెప్పుకుంటుంది. ఆ లెందులూర నేటి దెందులూరేనని చరిత్రకారులు గుర్తించారు. ఎక్స్‌ప్రెస్ రైళ్ళు ఆగకుండా దాటిపోయే ఈ చిన్న స్టేషను ఊరిని ఏలూరు శివారుగా లెక్కగట్టే వారు, ఒకప్పుడు రాజశాసనాలు వెలువడిన చోటు ఇదని ఒక్కసారి తలచుకోవడం మంచిది.

దెందులూరుకు వాయవ్యంగా ఉన్న పెదవేగి కథ ఇంకా పాతది. సముద్రగుప్తుని అలహాబాదు స్తంభశాసనం దక్షిణాపథ రాజుల జాబితాలో వేంగి పాలకుడు హస్తివర్మను పేర్కొన్నది. హస్తివర్మ వంశమైన శాలంకాయన రాజులు తమను చిత్రరథస్వామి పాదభక్తులుగా చెప్పుకున్నారు. తరువాత విష్ణుకుండినులు, వారి వెనుక ఏడో శతాబ్ది నుంచి తూర్పు చాళుక్యులు ఏలిన వేంగిదేశానికి ఆ పేరు ఇచ్చిన నగరం ఇదే. రాజధాని రాజమహేంద్రవరానికి తరలిపోయాక నగరం పల్లెగా మారి, దాని ఇటుకలు దిబ్బల కింద, పొలాల కింద మిగిలాయి. పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది కాబట్టి అక్కడేదో ఉన్నదని తెలిసింది గాని, మామూలు బాటసారికి కనిపించేవి పామాయిల్ తోటలే.

ఇన్ని వంశాలు ఈ పది పదిహేను కిలోమీటర్ల మేరనే ఎందుకు పట్టుకు కూర్చున్నాయన్న ప్రశ్నకు జవాబు నేల వాలులో దొరుకుతుంది. ఈ ప్రాంతపు రైతు భాషలో భూమి రెండే రకాలు: ఉత్తరాన ఉన్నది మెట్ట, అంటే వానకూ బోరుకూ తప్ప కాలువకు అందని ఎర్రనేల, దక్షిణాన ఉన్నది డెల్టా, అంటే కాలువ కింద పండే నల్లనేల. ఈ రెండింటి మధ్య అతుకులాగా, కృష్ణా గోదావరి ఆనకట్టల నీటిని కలుపుతూ, ఏలూరు కాలువ సాగుతుంది. మెట్ట నుంచి కిందికి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వంటి ఏర్లు దిగి, ఈ అతుకును దాటి, రెండు నదుల డెల్టాల నడుమ పళ్ళెంలా ఉన్న కొల్లేటిలో పడతాయి. కొల్లేటి నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. శాలంకాయనులు, విష్ణుకుండినులు ఆ అతుకు మీద, వరద ముంచని ఎత్తున, సరస్సుకూ సముద్రానికీ అందుబాటులో కూర్చున్నారు. ఎత్తు చూసుకుని ఊరు కట్టడమన్న ఈ మామూలు తెలివికి నేటి పట్టణాభివృద్ధిలో దక్కుతున్న చోటు చాలా తక్కువ.

నీరు ఉత్తరం నుంచి దక్షిణానికి దిగుతుంటే, ఆధునిక కాలం తెచ్చిన గీతలు దాదాపు అన్నీ ఆ వాలుకు అడ్డంగా పడ్డాయి. మొదట కాలువ, 1890ల్లో రైలు కట్ట, తరువాత రహదారి, ఆ రహదారి విస్తరణలు, బైపాసు, చివరగా పోలవరం కుడి ప్రధాన కాలువ. ప్రతి అడ్డుగీత కిందా ఏరు దాటడానికి తూము గాని వంతెన గాని పెడతారు. కట్ట ఎంత పొడవున్నా వరద నాడు పనిచేసేది ఆ కంత వెడల్పే. దీనికి మంచి సాక్ష్యం పెదవేగి మండలం జానంపేట. పట్టిసీమ దగ్గర 24 పంపులతో గోదావరి నీటిని ఎత్తి, కుడి కాలువ ద్వారా కృష్ణకు పంపే పథకం మొదలైన 2015లోనే, కాలువ తమ్మిలేరును దాటే అక్విడక్టు, అనగా ఏటి మీదుగా కాలువను మోసే వంతెన, జానంపేట దగ్గర గండిపడింది. తమ్మిలేరుకు వరద వచ్చినప్పుడల్లా శనివారపుపేట కాజ్‌వే మీద రాకపోకలు నిలిచిపోవడం ఏలూరు వారికి వింత కాదు. చెన్నకేశవస్వామి ఆలయ గోపురంతో పేరుపడిన ఆ ఊరు, సత్రంపాడు, తంగెళ్ళమూడి, వెంకటాపురంలాగానే ఇప్పుడు నగరంలో కలిసిపోయింది. నగరపాలక సంస్థ సరిహద్దు ముందుకు జరిగినంత సులువుగా ఏరు పక్కకు జరగదు.

శివారులో అన్నిటికంటె వేగంగా పెరుగుతున్నది వెంచర్, అంటే పొలాన్ని ఇళ్ళస్థలాలుగా కోసి అమ్మే వ్యాపారం. దాని రూపం ఎక్కడైనా ఒకటే: రోడ్డు వైపు ఒక ఆర్చి, లోపల గ్రావెల్ పరిచిన అడ్డదిడ్డం లేని బాటలు, రంగు వేసిన హద్దురాళ్ళు, రాళ్ళ మధ్య మోకాలెత్తు గడ్డి, గడ్డిలో మేసే గేదెలు. అంతకు ముందు జరిగే ముఖ్యమైన పని మెరక చేయడం, అంటే మెట్ట మట్టిని లారీలతో తోలి పల్లపు చేనును రోడ్డు మట్టానికి లేపడం. చేను పల్లంగా ఉన్నప్పుడు పై పొలం నీరు దాని బోదెలోంచి కిందికి పోయేది. మెరక అయ్యాక ఆ నీరు పక్క రైతు చేలో నిలుస్తుంది. వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు మార్చే తతంగాన్ని జనం ఏళ్ళ తరబడి ‘నాలా’ అని పిలుస్తూ వచ్చారు, అది ఒక చట్టం పేరును పొడి అక్షరాలకు కుదించిన మాట; అదే మాటకు మురుగు కాలువ అన్న అర్థం కూడా ఉండడం, నాలా రుసుము కట్టిన చాలా చోట్ల నాలాయే కనబడకుండా పోవడం, భాష తనంతట తాను చేసిన ఎగతాళి.

శివారును పెంచడానికి ఇది తప్ప వేరే క్రమం లేదనుకోనక్కరలేదు. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ నగరపాలకులు 1904లోనే ఎన్‌షెడె భూములతో మొదలుపెట్టి, ఊరి బయటి నేలను ముందుగా తామే కొని ఉంచుకున్నారు. అర్ధ శతాబ్దం తరువాత, 1954లో ప్రారంభమైన వెల్లింగ్‌బి అనే ఉపనగరంలో పని, ఇల్లు, బజారు మూడూ ఒకే చోట ఉండాలన్న ఆలోచనను మెట్రో స్టేషను చుట్టూ అమలుచేశారు. అక్కడ ముందు నేల, తరువాత రైలు, ఆపైన ఇల్లు వచ్చాయి. ఇక్కడ ముందు రోడ్డు, వెంటనే ధర, చాలా కాలానికి ఇల్లు, ఎప్పటికో మురుగు కాలువ వస్తాయి. వెల్లింగ్‌బిని ఏలూరుకు తెచ్చి నాటడం కుదిరే పని కాదు, అవసరమూ లేదు. క్రమం మాత్రం గమనించదగినది.

నేల గుణానికి తగిన అభివృద్ధి ఈ చుట్టుపక్కల అసలు లేదనడం కూడా సరికాదు. పెదవేగిలో 1995లో ఏర్పడిన కేంద్ర ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ, అక్కడి గెలలాడించే కర్మాగారం, మెట్టలో పుట్టి మెట్టకే పనికివచ్చే కొండగుర్తులు. ముళ్ళతో నిండి, నారింజ రంగు కాయలతో కిక్కిరిసిన గెలలను ట్రాక్టరు ట్రక్కులో పేర్చుకుని రైతు ఫ్యాక్టరీకి తోలే దృశ్యం, ఆర్చి కట్టిన ఖాళీ స్థలం కంటె ఊరి బతుకును ఎక్కువ చెబుతుంది. వేసవిలో ఒక్కో చెట్టుకు రోజుకు రెండు వందల లీటర్లకు పైగా నీరు కావలసిన ఈ పంట బోర్ల మీద మోపే భారం వేరే చర్చ. అలాగే తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాశ్రయ భూములు 2015లో మొదలైన జాతీయ సాంకేతిక విద్యాసంస్థకు నెలవయ్యాయి. చదునుచేసి ఉన్న నేలనే మళ్ళీ వాడుకోవడం అక్కడ జరిగిన మేలు. గుండుగొలను నుంచి దేవరపల్లి మీదుగా కొవ్వూరుకు కొత్త నాలుగు వరుసల దారి పడ్డాక, తాడేపల్లిగూడెం, తణుకు మీదుగా పోయే పాత దారికి 216ఏ అన్న కొత్త అంకె దక్కింది. గుండుగొలను చుట్టూ భూముల మీద కన్నుపడడం అందువల్లనే.

ఇక్కడి వింత ఏమంటే, ఎత్తును బట్టి భూమికి హద్దు గీయడం ప్రభుత్వానికి తెలియని విద్య కాదు. కొల్లేటి అభయారణ్యాన్ని 1999లో ఐదో కాంటూరు దాకా నిర్ణయించారు. కాంటూరు అంటే సముద్రమట్టానికి ఒకే ఎత్తున ఉన్న చోట్లను కలిపే గీత, ఇక్కడ ఆ ఎత్తు ఐదు అడుగులు. ఆ గీత లోపలి 308 చదరపు కిలోమీటర్లలో ఉన్న చేపల చెరువు గట్లనే 2006లో పేల్చివేశారు. లంక గ్రామాల్లో బడికి వెళ్ళని ముసలివారు కూడా కాంటూరు అన్న మాటను ఇంటిమాటగా వాడతారు. ఆ గీతను తాకే మండలాల్లో దెందులూరు ఒకటి. కాని గీతకు ఎగువన, కొల్లేటికి నీరు పంపే నేల మీద, అటువంటి కొలతతో శివారు పెరుగుదలను నడిపించే ఆలోచన ఇంకా బలపడలేదు. ఏలూరు పట్టణాభివృద్ధి సంస్థ చేయగల పనుల్లో మొట్టమొదటిది ఏర్లకూ బోదెలకూ వాటి పాత వెడల్పును పటంలో తిరిగి గీయడమే.

వేంగి చాళుక్యుల దానశాసనాలు గ్రామపు ఎల్లలు చెప్పేటప్పుడు చెరువును, పుట్టను, చెట్టును, ఏటిని పేరు పెట్టి చెప్పేవి. నేటి దస్తావేజు తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అని నాలుగు హద్దులు రాసి, గజాల లెక్క వేసి, సంతకాలతో ముగుస్తుంది. స్థలం రోడ్డుకు ఎంత దూరమో వెంచర్ కరపత్రంలో నిమిషాలతో సహా ఉంటుంది. కొల్లేటికి ఎంత ఎత్తున ఉన్నదీ అమ్మేవారి కాగితంలో గాని కొనేవారి కాగితంలో గాని ఉండదు.